రెండో బండి

ఆ ఎయిర్‌పోర్టు ఎంత పెద్దదంటే, విమానం దిగి పెట్టె తీసుకుని బయటి హాల్లోకి వచ్చేసరికి వాడికి రెండుసార్లు గడ్డం పెరిగింది. అమ్మని అడిగితే అంత లేదు, ఇరవై నిమిషాలు నడిచాం అంటుంది. ఆవిడ లెక్కల్లో ఏదైనా తక్కువే వస్తుంది. ఇప్పుడావిడ హాలు మధ్యలో ఇనుప బెంచీ మీద కూర్చుని, ఎర్ర పెట్టె మీద కాళ్లు చాపుకుని, పెట్టె పిడికి కట్టిన పసుపు రిబ్బను కొసని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్లీ చుట్టుకుంటోంది. వాడు సమాచారం కౌంటరు ముందు నిలబడి పైనున్న బోర్డు చదువుతున్నాడు. ఓడరేవుకి వెళ్లే దారులు: రైలు, బస్సు, టాక్సీ, పది మంది పట్టే వ్యాను. అంతే, నాలుగు. ఇవతల గడియారం పదకొండూ యాభై చూపిస్తోంది, అవతల ఓడ గేటు మూడింటికి మూసేస్తారు, నాలుగింటికి ఓడ కదిలిపోతుంది. ఈ నాలుగిట్లో ఒకటి చెప్పడం పెద్ద పనా? పెళ్లిసంబంధమా ఏమన్నా? కౌంటరు వెనకున్న ఆవిడ గోళ్ల రంగు ఆరబెట్టుకుంటూ, ఎంతమందండీ అంది. ఇద్దరం అన్నాడు. పెట్టెలు? ఒకటే. "అయితే ఏదైనా ఒకటేనండీ, అన్నీ అక్కడికే పోతాయి," అంది. ఏదైనా ఒకటే! ఈ మాట నాన్న చెవిన పడుంటే ఆవిణ్ని కుర్చీలోంచి లేపి, తను కూర్చుని, సాయంత్రం దాకా ఆవిడకి పాఠం చెప్పి, పరీక్ష పెట్టి, తప్పించి, మళ్లీ రాయించేవాడు.

నాన్న ఉద్యోగమే అది. ట్రావెల్ ఆఫీసులో వెనక గది, జెరాక్సు మిషనుకీ బాత్రూము తలుపుకీ మధ్య ఓ బల్ల, బల్ల మీద రెండు ఫోన్లు, గోడకి ప్రపంచ పటం, ఆ పటంలో సముద్రాల మీద కాగితాలు అంటించడం వల్ల నీళ్లు కనపడేవి కావు. ముందు గదిలో వాళ్లు విమానం టికెట్లు అమ్మేవాళ్లు, ఓడ టికెట్లు అమ్మేవాళ్లు, ఫొటోలు చూపించి మురిపించేవాళ్లు. విమానం దిగినవాడు ఓడ దాకా ఎలా వెళ్తాడన్నది మాత్రం ఎవరికీ పట్టేది కాదు. అది బండ్లాయన చూసుకుంటాడు అనేవాళ్లు. ముప్ఫై ఒక్క ఏళ్లు బండ్లాయన. ఏ విమానాశ్రయం నుంచి ఏ రేవుకి ఎన్ని నిమిషాలో, రైలు దిగాక ఎన్ని మెట్లో, బస్సు ఏ గేటు దగ్గర దింపేసి పోతుందో, అక్కణ్నించి ఎండలో ఎంత నడవాలో కళ్లు మూసుకుని చెప్పేవాడు, ఒక్క రేవూ కళ్లతో చూడకుండా. వచ్చినవాళ్లని మూడే మూడు అడిగేవాడు. పెట్టెలెన్ని? మోకాళ్లెలా ఉన్నాయి? మొదటి రోజే పోట్లాడుకుంటారా, నాలుగు రోజులు ఆగుతారా? పోట్లాడుకునేవాళ్లయితే టాక్సీ వద్దు, పదిమంది ఉండే వ్యాను మంచిది, సిగ్గుకైనా నోరు మూసుకుంటారు. వాడికి ఆరేళ్లప్పుడు ఆ బల్ల కింద కూర్చుని ఈ మాటలు వింటూ, నాన్న బూట్ల తాళ్లు రెండూ కలిపి ముడేసేవాడు. నాన్న లేచి దభీమని పడేవాడు. ఆ పడేది కూడా నిజంగా కాదు, ముడేస్తున్నప్పుడే తెలిసేది ఆయనకి. కానీ ఎంత బాగా పడేవాడంటే జెరాక్సు మిషను దానంతటదే రెండు కాపీలు తీసేది.

బెంచీ మీద నుంచి అమ్మ చెయ్యి ఊపింది, ఏమైంది అన్నట్టు. వాడూ ఊపాడు, అయిపోతోంది అన్నట్టు. రైలు. రైలు మంచిదే, ట్రాఫిక్కుండదు, కానీ చివర్లో మెట్లుంటాయి, అమ్మ మోకాళ్లు. టాక్సీ. టాక్సీ అయితే వెనక సీట్లో ఇద్దరే, గంటంబావు సేపు, మధ్యలో ఎవరూ ఉండరు, అమ్మ కిటికీలోంచి చూస్తూ ఏదో ఒకటి అడుగుతుంది. వ్యాను. వ్యాను నిండేదాకా కదలదు. ఇంకోటి. ఇంకోటి దగ్గరికొచ్చేసరికి వాడి చూపు తడి సబ్బులా జారిపోయి మళ్లీ రైలు మీద పడుతోంది. రైలు, టాక్సీ, వ్యాను, రైలు. కౌంటరావిడ, తేల్చుకున్నారా అంది. "తేలుస్తున్నానండీ, ఇంకో రెండు మూడేళ్లు పట్టచ్చు," అన్నాడు మొహం ఎక్కడా కదలకుండా. ఆవిడ నవ్వలేదు. ఈ మధ్య వాడి జోకులకి ఎవరూ నవ్వట్లేదు, యాభై రెండు రోజులుగా. నాన్న పోయి యాభై రెండు రోజులు.

ఈ ఓడ ప్రయాణం ఆఫీసువాళ్లు ఇచ్చిన బహుమతి. ఇంతమందిని ఓడ ఎక్కించావు, రిటైరయ్యావుగా, నువ్వూ ఆవిడా ఎక్కండి అని చీటీ రాసిచ్చారు. ఆ చీటీ వచ్చిన రోజు నుంచీ నాన్న నీలం అంచున్న తెల్ల టోపీ ఒకటి కొనుక్కుని ఇంట్లో పెట్టుకు తిరిగాడు. అన్నం తింటూ టోపీ, టీవీ చూస్తూ టోపీ. తియ్యవయ్యా అని అమ్మ అంటే, సముద్రం నన్ను చూసి కొత్తవాడనుకోకూడదుగా అనేవాడు. ఒకరోజు టోపీ పెట్టుకునే స్నానానికెళ్లాడు. ఆయన పోయాక, ఓడకి ఎవరో ఒకరు వెళ్లాలి కదా అనలేదు ఎవరూ, మానేద్దాం అనే అన్నారు, అత్తయ్యతో సహా. అమ్మే, పదిహేను రోజులు ఎవరితోనూ మాట్లాడని అమ్మే, ఒక పొద్దున్న బట్టలు మడతపెడుతూ, మనం వెళ్దాంరా, నువ్వు రా అంది. వాడు ఆఫీసుకెళ్లి నాన్న పేరు తీయించి తన పేరు రాయించుకున్నాడు. నాన్న పొందిగ్గా పెట్టుకున్న ఫైలు మొత్తం వెతికి, ఆయన పేరున ఉన్న ప్రతిదీ ఫోన్ చేసి రద్దు చేయించాడు, వ్యానుతో సహా. డాక్టరుగారు లేరండీ అన్నట్టు, ప్రయాణికుడు లేరండీ, ప్రయాణికుడు లేరండీ అని ఆరుచోట్ల చెప్పాడు. ఆరోచోట వాళ్లు, మళ్లీ ఎప్పుడు వస్తారండీ అని అడిగారు. టోపీ ఇప్పుడు అమ్మ చేతిసంచిలో ఉంది. పైన అంచు కనపడుతోంది.

పోయినప్పట్నించీ అత్తయ్యకి ఒకటే ప్రశ్న. నాన్నకి అక్క ఆవిడ, గొంతు పెద్దది, ఏడిస్తే పక్కవీధి కుక్కలు కూడా తలొంచుకుంటాయి. "లోకానికంతా బండ్లు కట్టించినవాడు, గుండెలో నొప్పి పెట్టుకుని బస్సెందుకెక్కాడే? టాక్సీ దొరకలేదా వాడికి? ఏ గుమ్మం ముందు నిలబడినా నాలుగు బండ్లు వచ్చేవే!" వచ్చినవాళ్లందరితోనూ ఇదే. అందరూ తలలూపేవాళ్లు. వాడు టీ కప్పులు అందిస్తూ తిరిగేవాడు, ఖాళీ కప్పులు కూడా అందించేవాడు. అమ్మ మాత్రం గోడ వైపు చూస్తుండేది. ఒక్కసారి కూడా అడగలేదు ఆవిడ, బస్సెందుకెక్కాడని. ఇంకా తట్టలేదేమో ఆవిడకి. ఏదో ఒక రోజు తడుతుంది. గిన్నెలు కడుగుతూనో, ఓడలో సముద్రం చూస్తూనో, చటుక్కున తల తిప్పి, అవునురా, బస్సెందుకెక్కాడంటావు అంటుంది. ఆ రోజుకి మొహం తయారు చేసుకుంటున్నాడు వాడు. ఎన్ని అబద్ధాలాడినా కదలని మొహం అది, నాన్న దగ్గర నేర్చుకున్నది.

నాన్న బస్సెక్కిన రోజు శుక్రవారం, అయిదుకి ఇరవై నిమిషాలు తక్కువ. వాడు పనిచేసేది బోర్డులు రాసే కొట్లో. చేతులకి జిగురు, ముందు బల్ల మీద ఇరవై అడుగుల ఫ్లెక్సీ, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య. రిటైరైనా శుక్రవారాలు నాన్న ఆఫీసుకెళ్లేవాడు, కొత్తగా వచ్చినాయనకి పని చెప్పడానికి. "ఒరేయ్ కోతీ," అన్నాడు నాన్న, "ఛాతీలో ఏదో పట్టేసినట్టుందిరా. ఇంటికొచ్చేస్తున్నా. ఏ బండెక్కమంటావు?" ఆ గొంతులో ఏమన్నా తేడా ఉందా? యాభై రెండు రోజులుగా ఆ గొంతుని చెవిలో తిప్పి తిప్పి అరగదీశాడు, ఇప్పుడు అది నాన్న గొంతో తన గొంతో కూడా తెలియట్లేదు. వాళ్లింట్లో నొప్పులకి విలువ లేదు. నాన్న ఓసారి కాలికి కట్టు కట్టుకుని ఎనిమిది రోజులు కుంటాడు, తొమ్మిదో రోజు ఇంకో కాలికి కట్టుకుని కుంటాడు, ఎవరు కనిపెడతారో చూద్దామని. వాడు పదిహేనేళ్లప్పుడు చొక్కా మీద టమాటా సాసు పోసుకుని వంటింట్లో శవంలా పడుకుంటే, అమ్మ వాడి మీంచి దాటుకుంటూ అటూ ఇటూ తిరిగి వంటంతా ముగించి, లే, చెయ్యి కడుక్కో అంది. అలాంటి ఇల్లు. అందుకని వాడు, ఫ్లెక్సీ అంచు అతికిస్తూ, "బస్సెక్కు నాన్నా, కండక్టరు టికెట్టిస్తూ నాడి కూడా చూస్తాడు," అన్నాడు. నాన్న నవ్వాడు. "అదీ నిజమేరా," అన్నాడు. పెట్టేశాడు. అంతే. లోకంలో అందరికీ బండి చెప్పినవాడు జీవితంలో ఒకే ఒక్కసారి ఇంకొకణ్ని అడిగాడు. చెప్పిన బండే ఎక్కాడు. బస్సు చివరి స్టాపు దాకా వెళ్లింది. కండక్టరు నిద్రపోతున్నాడనుకున్నాడట. డాక్టరు, టాక్సీలో వచ్చుంటే బతికేవాడా అని ఎవరో అడిగితే, చెప్పలేం అన్నాడు. కాదు అంటే బతికిపోయేవాడు వాడు, అవును అంటే చచ్చిపోయేవాడు, చెప్పలేం అన్నాడు. సంచిలో పెట్టిచ్చారు వాచీ, కళ్లజోడు, తాళాలు, బస్సు టికెట్టు. టికెట్టు వాడు తీసేశాడు, అమ్మ చూడకముందే. ఫోన్ కవరు వెనక ఉంది, ఇప్పుడు కూడా, అరచేతికి తగులుతోంది.

పన్నెండూ అయిదు. పదిహేను నిమిషాలయింది బోర్డు ముందు. పదిహేను నిమిషాలు అనుకోగానే వాడికి గుర్తొచ్చింది. నాన్న పద్ధతి. నాన్న ఎప్పుడూ రెండు బండ్లు పెట్టేవాడు. మొదటిది చీటీ మీద రాసిచ్చేది, వచ్చినవాళ్లకి తెలిసేది. రెండోది ఎక్కడా రాయడు, ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పడు, ఆఫీసుకి కూడా తెలియదు. తన మనిషి ఎవణ్నో ఒకణ్ని ఏ స్తంభం పక్కనో నిలబెడతాడు. "పెట్టె గుర్తు చెప్తా. ఊరికే చూస్తుండు. మొదటి బండి ఎక్కేస్తే నీ దారిన నువ్వు పో. పదిహేను నిమిషాలు దిక్కులు చూస్తూ నిలబడిపోయారనుకో, అప్పుడు బోర్డు పైకెత్తు." మనకింకో బండుందని ముందే తెలిస్తే మొదటిదాని కోసం మనిషి సరిగ్గా వెతకడురా అనేవాడు. ఫైలంతా వెతికి అన్నీ రద్దు చేసినవాడు, ఫైల్లో లేనిదాన్ని ఎలా రద్దు చేస్తాడు?

వాడు మెల్లిగా తల తిప్పాడు. మూడో స్తంభం పక్క నుంచి బోర్డు పైకి లేస్తోంది. తెల్ల అట్ట, నల్ల అక్షరాలు, నాన్న పేరు, ఇంటిపేరుతో సహా. కింద చిన్నగా, ఇద్దరు. లెక్క సరిపోయింది, మనుషులే సరిపోలేదు. అట్ట పట్టుకున్నాయనకి యాభై ఏళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, అరిగిపోయిన బూట్లు, చూపు సూటిగా ఎర్ర పెట్టె మీద, పసుపు రిబ్బను మీద. ఆ రిబ్బను నాన్నే కట్టాడు, టోపీ పెట్టుకుని, పోవడానికి వారం ముందు. అమ్మ చూస్తే? అచ్చంగా ఆయన పేరు, అంత పెద్ద అక్షరాలతో, ఇంతమంది మధ్యలో ఆయన కోసమే ఎదురు చూస్తున్నట్టు. వాడు పరిగెత్తాడు. కౌంటరు నుంచి బెంచీకి ఇరవై అడుగులు, ఆ ఇరవై అడుగుల్లో మూడు పెట్టెల మీంచి దూకి, ఒక పెద్దమనిషికి సారీ చెప్పి, అమ్మకీ స్తంభానికీ మధ్య తలుపులా నిలబడి చేతులు రెండూ చాపాడు. "అమ్మా, అటు చూడు, కాఫీ మిషను! ఎంత పెద్దదో చూడు! దాంట్లో ముగ్గురు మనుషులు కూర్చుని కలుపుతున్నారట!"

"జరగరా," అంది అమ్మ.

"అబ్బే, మిషను ఇటు..."

"జరుగు. పాపం ఆయన చెయ్యి నొప్పెడుతుంది, ఎంతసేపు ఎత్తి పట్టుకుంటాడు." పెట్టె మీంచి కాళ్లు దింపుకుంది. "మనం రాగానే చూశాను, స్తంభం పక్కన బోర్డు బోర్లా పట్టుకుని నిలబడ్డాడు. మీ నాన్న మనిషని అప్పుడే అనుకున్నా. నువ్వు పదిహేను నిమిషాల్లోపు ఏదో ఒక బండి చెప్తావేమోనని చూస్తున్నాను."

అప్పటికే ఆయన దగ్గరికొచ్చేశాడు, మొహమంతా నవ్వు. "నమస్కారమండీ, అమ్మగారేనా? ఎర్ర పెట్టె, పసుపు రిబ్బను, కరెక్ట్. పదేళ్లండీ, సారుకి ఇక్కడ రెండో బండిని నేనే. పదేళ్లలో నాలుగు సార్లే బోర్డెత్తాను, అంత గట్టిగా పెట్టేవారు మొదటి బండి. ఆమధ్య ఫోన్ చేసి, ఈసారి వచ్చేది నేనేనయ్యా, నాకే చెప్పకుండా నాకు బండి పెడుతున్నా అని ఒకటే నవ్వు. ఇన్నాళ్లూ ఫోన్‌లో గొంతే, మనిషిని చూళ్లేదు. సారేరండీ?"

వాడు నోరు తెరిచాడు. అలవాటుగా అబద్ధాలు ఏడెనిమిది వచ్చి పళ్ల వెనక వరసలో నిలబడ్డాయి, ఒక్కటీ బయటికి అడుగెయ్యలేదు. అమ్మే చెప్పింది, ఇంటి అడ్రసు చెప్పినంత మామూలుగా. "ఆయన లేరు బాబూ. పోయి యాభై రెండు రోజులు. వీడు మా అబ్బాయి." ఆయన నవ్వు ఆగడానికి కాస్త సమయం పట్టింది, ఫ్యాను స్విచ్చి ఆపాక రెక్కలు తిరిగినట్టు. బోర్డు దించాడు. దించి ఏం చెయ్యాలో తెలియక కింద పెట్టబోయి, ఆ పేరు నేల మీద పెట్టడానికి చెయ్యి రాక, అక్షరాలు లోపలికి వచ్చేట్టు గుండెకి ఆనించుకున్నాడు. పెట్టె నేను తీసుకుంటానండీ అన్నాడు. ఒక చేత్తో పెట్టె లాగుతూ, ఇంకో చేత్తో బోర్డు అలాగే పట్టుకుని ముందు నడిచాడు. వాళ్లిద్దరూ వెనక. వాడు ఏ బండీ చెప్పకుండానే బండి వచ్చేసింది, నాన్న పెట్టింది.

కారు శుభ్రంగా ఉంది, లోపల పాత సీట్ల వాసన. ముందు సీట్లో బోర్డుకి సీటుబెల్టు పెట్టాడాయన. బయట గోదాములు, కంచెలు, రంగు వెలిసిన ఇనుప పెట్టెలు ఒకదాని మీద ఒకటి, ఆకాశం ఎక్కడో తెరుచుకోబోతున్నట్టు తెల్లగా. అమ్మ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని టోపీ అంచు సవరిస్తోంది. వాడు ఎదురు చూశాడు. ఇప్పుడడుగుతుంది. ఈ వంతెన దాటాక అడుగుతుంది. ఒక బస్సు పక్క నుంచి పోయింది, కిటికీలకి ఆనుకున్న తలలు, అందరూ నిద్రపోతున్నట్టే ఉన్నారు. తనకి తెలియకుండానే వాడు ఫోన్ కవరు ఊడదీశాడు. టికెట్టు తీసి అమ్మ ఒళ్లో, టోపీ మీద పెట్టాడు. "నేనే ఎక్కమన్నానమ్మా," అన్నాడు. మొహం నిలవట్లేదు, ఇన్నేళ్లు కదలనిది ఎటు పడితే అటు పోతోంది. "ఏ బండెక్కమంటావని అడిగాడు. బస్సన్నాను. జోకు. కండక్టరు నాడి చూస్తాడన్నాను. నొప్పి అన్నాడమ్మా నాతో, నేను జోకేశాను."

అమ్మ టికెట్టు తీసుకుని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది, మళ్లీ దగ్గరగా. చాలాసేపు చదివింది, అంత చిన్న కాగితంలో అన్ని విషయాలు ఉండవు. "టైము కొట్టారు దీని మీద," అంది. "నాలుగూ యాభై రెండు. నాకు ఫోన్ చేసింది అయిదుకి."

"నీకా?"

"బస్సులోంచి. 'నీ కొడుకు బస్సెక్కమన్నాడే, కండక్టరు నాడి చూస్తాడట, ఇప్పటిదాకా చూళ్లేదు, అడగనా' అన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు." టికెట్టుని వేలికి చుట్టింది, రిబ్బను చుట్టినట్టు. "నొప్పి సంగతి నాకూ చెప్పాడురా. దిగి వేరే బండెక్కు అనచ్చుగా నేను? సీటు దొరికిందా అని అడిగాను. కిటికీ పక్కన దొరికిందన్నాడు. సరే రా, టీ పెడతా అన్నాను." కారు ఏదో గతుకులో పడి లేచింది. "నేనూ నవ్వాను నాన్నా."

వాడు అమ్మ వైపు చూడలేకపోయాడు, అమ్మ వాడి వైపు చూడలేదు. అత్తయ్య అడిగిన ప్రతిసారీ ఆ గోడ వైపు ఆవిడ ఏం చూసిందో ఇప్పుడు వాడికి కనపడింది. ఒకే ఇంట్లో యాభై రెండు రోజులు ఇద్దరూ ఒకళ్లకి తెలియకుండా ఒకళ్లు అదే బస్సులో తిరిగారు. వాడు చెయ్యి చాపి, టికెట్టు చుట్టుకున్న వేలు పట్టుకున్నాడు. జిగురు మరక ఇంకా ఉంది వాడి బొటనవేలి మీద, ఎన్నిసార్లు రుద్దినా పోనిది. అమ్మ వేలు విడిపించుకోలేదు. ముందు అద్దంలో డ్రైవరు కళ్లు ఒక్కసారి వీళ్ల మీద వాలి పక్కకి తప్పుకున్నాయి. గోదాముల మధ్య సందులోంచి తెల్లటిదేదో కనపడింది, భవంతి అనుకున్నాడు, అది కదిలే భవంతి, వరసలు వరసలుగా కిటికీలు. నాన్న ఇది చూడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు మనుషుల్ని దీని గుమ్మం దాకా పంపించాడు, దీన్ని చూడలేదు.

"అమ్మగారూ, ఇక్కడ దారి చీలుతుందండీ," అన్నాడు డ్రైవరు గొంతు సవరించుకుని. "రెండో గేటు అయితే దగ్గర, కానీ మెట్లెక్కాలి. మూడోది చుట్టు, మెట్లుండవు. ఏ గేటుకి పోనివ్వమంటారు?"

అడిగేవాళ్లు అడిగారు, చెప్పేవాడు లేడు. కారు నెమ్మదించింది, వెనకబండివాడు హారను కొట్టాడు.

"మోకాళ్లెలా ఉన్నాయమ్మా?" అన్నాడు వాడు.

"నొప్పిగానే ఉన్నాయిరా."

వాడి నాలుక చివర జోకు ఒకటి వచ్చి నిలబడింది, మంచిదే, నాన్న వింటే రెండు రోజులు నవ్వేవాడు. దాన్ని అక్కడే ఉండనిచ్చాడు.

"మూడో గేటుకి పోనివ్వండి," అన్నాడు. "నెమ్మదిగా."